మాప్ సాస్‌లో నూనె పైకి తేలిపోతోంది. 5 గంటల పాటు కలిసి ఉండాలంటే ఏం చేయాలి?

పొగపొయ్యి_ఐర్వింగ్:

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర పల్లె. పదకొండేళ్లుగా టెక్సస్‌లో, ఐర్వింగ్‌లో ఉంటున్నాం. మూడేళ్ల కిందట ఆఫ్‌సెట్ స్మోకర్ కొన్నాను. నిప్పుల పెట్టె ఒక పక్కన, మాంసం పెట్టే డ్రమ్ము ఇంకో పక్కన ఉంటాయి, మంట మాంసానికి నేరుగా తగలదు. బ్రిస్కెట్ (ఆవు ఛాతీ మాంసం) ఇప్పుడు ధైర్యంగా చేస్తున్నాను. వేట మాంసం దగ్గరే దెబ్బతింటున్నాను. మేక తొడలో కొవ్వు తక్కువ, అయిదు గంటలు పొగలో ఉంటే పైపొర ఎండి చెక్కలా తయారవుతుంది. అందుకే ఇక్కడివాళ్లలాగే మాప్ సాస్ పట్టించడం మొదలుపెట్టాను.

తెలియనివాళ్ల కోసం: ఇది నంచుకునే చిక్కటి, తియ్యటి బార్బెక్యూ సాస్ కాదు. చారులా పల్చగా ఉంటుంది, వెనిగర్ పులుపు ఎక్కువ. మాంసం కాలుతుండగా మధ్యమధ్యలో మూత తీసి, చిన్న నూలు మాప్‌తో అద్దుతారు. ఇల్లు తుడిచే మాప్‌కి బుల్లి రూపం అనుకోండి, జానెడు కర్రకి నూలు కుచ్చు కట్టి ఉంటుంది.

నా కొలత ఇది. సైడర్ వెనిగర్ 2 కప్పులు, నీళ్లు 1 కప్పు, నూనె ముప్పావు కప్పు, వూస్టర్ సాస్ (పుల్లగా, ఉప్పగా ఉండే పల్చటి నల్ల సాస్) పావు కప్పు, ఉప్పు, మిరియాల పొడి, వెల్లుల్లి పొడి, ఊరి నుంచి అమ్మ పంపిన కారం రెండు చెంచాలు. మిక్సీలో ఒక నిమిషం తిప్పితే లేత నారింజ రంగులో పాలలా వస్తుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. గిన్నెలో పోసి స్మోకర్ దగ్గరికి తీసుకెళ్లి, కట్టెలు సర్ది వచ్చేసరికి, అంటే పదే పది నిమిషాలకి, పైన వేలెడు మందం ఎర్ర నూనె, కింద తేట పులుపు.

జూలై 4న ఇంటికి ఇరవై మంది వచ్చారు. నాలుగు తొడలు పెట్టాను. మాప్ గిన్నెలో ముంచగానే ముందు పైనున్న నూనెను పీల్చుకుంటుంది. నూనె పీల్చిన నూలుకి కింది పులుపు ఎక్కడంటుతుంది? మొదటి రెండు తొడలూ ఎర్రగా నిగనిగలాడాయి కానీ లోపల చప్ప. గిన్నె అడుగుకి వచ్చాక అద్దిన నాలుగోది నల్లగా, పుల్లగా, నోట్లో పెట్టలేనంత ఉప్పగా అయింది. మా అత్తగారు ఇటో ముక్క అటో ముక్క తిని, "దీంట్లో ఉప్పు వెయ్యలేదు, దాంట్లో రెండుసార్లు వేశావు నాయనా" అన్నారు. రెండూ ఒకే గిన్నెలోంచి అద్దినవే. ఆ రాత్రి చాలా బాధగా అనిపించింది.

మన కూరల్లో నూనె పైకి తేలిందంటే కూర ఉడికినట్టు. చిన్నప్పటి నుంచి అదే చూసి పెరిగాం కాబట్టి మొదట్లో నేను దీన్ని తప్పుగా చూడలేదు కూడా.

ఇప్పటిదాకా ప్రయత్నించినవి: అద్దే ముందు ప్రతిసారీ విస్కుతో గిలక్కొట్టడం. గిలక్కొట్టి, మాప్ ముంచి, రెండో తొడ దగ్గరికి వెళ్లేలోపే మళ్లీ విడిపోతోంది. నూనె బదులు నెయ్యి పోశాను, గిన్నె చల్లారగానే పైన పేరుకుంది. కార్న్‌ఫ్లోర్ కలిపి మరిగించాను, గంటసేపు బాగుంది, తర్వాత పల్చబడి మళ్లీ మొదటికొచ్చింది. ఎవరైనా చేసి చూసినవాళ్లు చెప్పండి.

రాచెస్టర్_అక్క:

తమ్ముడూ, మేముండేది న్యూయార్క్ రాష్ట్రంలో, నగరానికి చాలా దూరం, పైన. ఎండాకాలం వచ్చిందంటే ఇక్కడ ప్రతి ఊళ్లో ఫైర్ స్టేషన్ల ముందు, చర్చిల ముందు విరాళాల కోసం కోడి కాలుస్తారు. సిమెంటు ఇటుకలు పేర్చి, మధ్యలో బొగ్గులు పోసి, పెద్ద ఇనప జల్లెడల మధ్య సగం సగం కోళ్లను బిగించి తిప్పుతారు. నేను ఆరేళ్లుగా మా వీధి చివరి ఫైర్ స్టేషన్‌లో ఆ పనికి వెళ్తున్నాను. మీరు అడిగినదానికి ఆ సాస్‌లోనే జవాబుంది.

కార్నెల్ యూనివర్సిటీలో రాబర్ట్ బేకర్ అనే ప్రొఫెసర్ ఉండేవారు. కోళ్లు, గుడ్ల మీద పనిచేసిన ఆహార శాస్త్రవేత్త. చికెన్ నగెట్స్‌కి మొదటి రూపం ఇచ్చింది కూడా ఆయనే. 1950లో యూనివర్సిటీ తరఫున రైతులకు వేసిన చిన్న పుస్తకంలో ఈ కొలత ఇచ్చారు: గుడ్డు 1, నూనె 1 కప్పు, సైడర్ వెనిగర్ 2 కప్పులు, ఉప్పు 3 టేబుల్‌స్పూన్లు, పౌల్ట్రీ సీజనింగ్ (కోడికి వాడే ఎండు ఆకుల మసాలా పొడి) 1 టేబుల్‌స్పూను, మిరియాల పొడి అర టీస్పూను. అంతే. డెబ్బై ఏళ్లు దాటినా ఇక్కడ అందరూ అదే వాడతారు.

ఇందులో కీలకం గుడ్డు, దాన్ని వేసే వరస. ముందు గుడ్డు ఒక్కటే బాగా గిలక్కొట్టాలి. తర్వాత నూనె పోసి మళ్లీ గిలక్కొట్టాలి. అది చిక్కబడి, లేత పసుపు రంగుకి తిరిగాక వెనిగర్, మిగతావి. నేను మొదటిసారి అన్నీ ఒకేసారి పోసి కలిపేశాను. పక్కనున్న పెద్దాయన చూసి, ఏమీ అనకుండా బకెట్ పారబోసి ఇంకో గుడ్డు నా చేతికిచ్చాడు. వరస తప్పితే గుడ్డున్నా లాభం లేదు.

రెండు జాగ్రత్తలు. ఇది వేడి చేసే సాస్ కాదు. పొయ్యి పక్కన పెడితే గుడ్డు ఉడికి తునకలవుతుంది, అప్పుడు నూనె మళ్లీ విడిపోతుంది. ఐసు మీద పెట్టుకుని చల్లగా వాడాలి. ఇంకోటి, పచ్చి గుడ్డు కాబట్టి చివరిసారి అద్దాక కోడి ఇంకా కొంతసేపు నిప్పు మీద ఉండాలి. పాశ్చరైజ్ చేసిన గుడ్లు దొరికితే అవి తీసుకోండి. నూనె చుక్క బొగ్గు మీద పడితే మంట లేస్తుంది, మీ స్మోకర్‌కి ఆ బెడద లేదనుకోండి.

సాస్‌ల్యాబ్_హైదరాబాద్:

పొగపొయ్యి గారూ, నేను పద్నాలుగేళ్లుగా సాస్‌లు, సలాడ్ డ్రెస్సింగులు తయారుచేసే కంపెనీల్లో పనిచేస్తున్నాను. మీరు రాసినదాంట్లో నన్ను పట్టుకున్నది "చప్ప తొడ, ఉప్పు తొడ" అన్న మాట. అక్కడే మొత్తం విషయం ఉంది.

ఉప్పు, పంచదార, వెనిగర్ పులుపు నీళ్లలోనే కరుగుతాయి, నూనెలోకి వెళ్లవు. కారంలోని ఎరుపు, ఘాటు నూనెలోకి దిగుతాయి. అందుకే మీ సాస్ విడిపోయినప్పుడు నూనె, నీళ్లు మాత్రమే కాదు, రుచులు కూడా రెండుగా విడిపోతున్నాయి. పైపొరలో రంగూ కారమూ, కింద ఉప్పూ పులుపూ. మాప్ ఏ పొరలో మునిగితే ఆ రుచే మాంసానికి అంటుతుంది.

ఇక నూనె ఎందుకు తేలుతుందంటే, నీళ్ల కన్నా తేలిక కాబట్టి. లీటరు నీళ్లు కిలో తూగితే లీటరు నూనె 920 గ్రాముల చిల్లర. మిక్సీ నూనెను సన్న బొట్లుగా విరగ్గొడుతుంది. బొట్టు ఎంత చిన్నదైతే అంత నెమ్మదిగా పైకి వస్తుంది. వెడల్పు సగమైతే వేగం నాలుగో వంతుకి పడిపోతుంది. కానీ ఆ బొట్ల చుట్టూ కాపలా లేకపోతే ఒకదానికొకటి తగిలి, కలిసిపోయి, పెద్దవై పైకి ఎగబాకుతాయి. కాబట్టి రెండు పనులు చేయాలి: బొట్లు కలవకుండా పైన ఒక తొడుగు, అవి కదలకుండా చుట్టూ ఉన్న నీళ్లకి కొంచెం చిక్కదనం.

తొడుగు పని గుడ్డు సొనలోని లెసితిన్ చేస్తుంది. దానికి ఒక కొస నూనెను, ఇంకో కొస నీళ్లను పట్టుకునే గుణం ఉంది. అక్క గారు చెప్పిన కొలత పనిచేసేది అందుకే. కానీ మీరు సాస్ వేడిగా ఉంచుకోవాలి కాబట్టి మీకు ఆవాలు మేలు. అమెరికా దుకాణాల్లో దొరికే పసుపు రంగు మస్టర్డ్ సీసా తీసుకోండి. పసుపు ఆవాల పొట్టులో జిగురు ఎక్కువ, మన నల్ల ఆవాల్లో తక్కువ. ఆ జిగురు, ఆవాల ప్రొటీన్లు, సన్నటి పొడి కలిసి బొట్ల చుట్టూ నిలబడతాయి. మీ కొలతకి 2 టేబుల్‌స్పూన్లు చాలు.

చిక్కదనానికి జాంతన్ గమ్. గ్లూటెన్ లేని వంటలు చేసేవాళ్లు వాడతారు, బేకింగ్ సామాన్ల అరలో పొట్లాల్లో ఉంటుంది. పేరు చూసి భయపడనక్కర్లేదు. క్యాబేజీకి నల్ల కుళ్లు తెగులు తెచ్చే బ్యాక్టీరియాను చక్కెర మీద పెంచితే అది తయారుచేసే జిగురు ఇది. ఇలినాయ్‌లోని పియోరియాలో అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాల దీన్ని వెలికితీసింది. 1969 నుంచి అక్కడి ఆహారాల్లో అనుమతి ఉంది. దీని గొప్పతనం ఏమిటంటే పులుపుకీ ఉప్పుకీ వేడికీ లొంగదు. మీ కార్న్‌ఫ్లోర్ ఓడిపోయింది అక్కడే: వెనిగర్‌లో గంటల తరబడి వేడి మీద ఉంటే పిండి పదార్థం తెగిపోయి పల్చబడుతుంది. జాంతన్‌లో ఇంకో మంచి గుణం, కదలకుండా ఉంటే చిక్కగా నిలబడుతుంది, కదిపితే పల్చబడుతుంది. గిన్నెలో బొట్లను పట్టి ఉంచుతుంది, మాప్ పెట్టి తిప్పగానే సాస్ జారుగా వస్తుంది.

మీది మొత్తం 4 కప్పులు, అంటే లీటరుకి కొంచెం తక్కువ. 2 గ్రాముల జాంతన్ వేయండి. చిన్న తూకం లేకపోతే గీసిన ముప్పావు టీస్పూను. అంతకు మించితే జిడ్డుగా తీగలు సాగుతుంది. పొడిని నేరుగా నీళ్లలో చల్లకండి, ఉండలు కడుతుంది, ఆ ఉండలు ఇక విడవవు. ముందు ఆ పొడిని నూనెలో కలపండి. మిక్సీలో వెనిగర్, నీళ్లు, మస్టర్డ్, మసాలాలు తిరుగుతుండగా ఆ నూనెను సన్నటి ధారగా పోయండి. నిమిషంన్నర తిప్పి, నురగ దిగేదాకా పది నిమిషాలు వదిలేయండి.

నెయ్యి సంగతి: వెన్నలో దాదాపు ఆరో వంతు నీళ్లు, కొంచెం పాల పదార్థం ఉంటాయి. కాచి నెయ్యి చేయడమంటే ఆ రెండూ తీసేయడమే. కలిపి ఉంచే ఆసరా పోయి ఉట్టి కొవ్వు మిగులుతుంది, చల్లబడితే పేరుకుంటుంది. ఆ రుచి కావాలంటే వెన్నే వాడి సాస్‌ను వెచ్చగా ఉంచండి.

మజ్జిగ పులుసు విరక్కుండా మన ఇళ్లలో శనగపిండి కలుపుతారు చూడండి, చుట్టూ చిక్కబరిచి పట్టి ఉంచడమంటే అదే.

పోస్ట్‌ఓక్_ఆస్టిన్:

అన్నా, హైదరాబాద్ సార్ చెప్పింది కాదనను. కానీ ముందు ఒక మాట అడుగుతాను. మాప్‌లో అంత ఉప్పు ఎందుకు?

ఉప్పు ముందు రోజు రాత్రే తొడకి రుద్దేసి ఫ్రిజ్‌లో పెట్టండి. కిలోకి 12 గ్రాముల దాకా. రాత్రంతా లోపలికి దిగుతుంది. అప్పుడు మాప్ కొంచెం విడిపోయినా ఒక తొడ చప్ప, ఒక తొడ ఉప్పు అనే గొడవ ఉండదు. మాప్ పని పైపొర తడిగా ఉంచడం, కొంచెం పులుపు ఇవ్వడం. మాంసానికి ఉప్పు పెట్టే బాధ్యత దాని మీద వేయకండి.

రెండోది, మీ నూనె ఎక్కువ. ఫోర్ట్‌వర్త్‌లో వాల్టర్ జెటన్ అనే కేటరర్ ఉండేవాడు, అమెరికా ప్రెసిడెంట్ జాన్సన్‌కి ఇష్టమైన బార్బెక్యూ మనిషి. 1963 డిసెంబరులో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ ఎర్హార్డ్ టెక్సస్ వచ్చినప్పుడు స్టోన్‌వాల్ స్కూలు జిమ్‌లో వడ్డించిన బార్బెక్యూ ఆయనదే. ఆయన మాప్ కొలత చూడండి: ఎముకల రసం 4 క్వార్ట్‌లు, వూస్టర్ సాస్ 2 క్వార్ట్‌లు, వెనిగర్ 1 పింటు, నూనె 1 పింటు, పొడి మస్టర్డ్ 3 టేబుల్‌స్పూన్లు, ఇంకా మసాలాలు. క్వార్ట్ అంటే రెండు పింట్లు. అంటే పద్నాలుగు పాళ్లలో నూనె ఒక్క పాలు. మీది పదహారింట మూడు పాళ్లు. పైగా ఆయన నీళ్లు వాడలేదు, ఎముకల రసం వాడాడు. పాయా చల్లారితే గడ్డకడుతుంది కదా, ఆ జెలటిన్ కూడా నూనెను పట్టి ఉంచుతుంది. మస్టర్డ్ సరేసరి. మీరు నీళ్ల కప్పు తీసేసి మేక ఎముకలు కాచిన రసం పోయండి, రుచి కూడా వేటదే అవుతుంది.

మొదటి రెండు గంటలు మూత తీయకండి. మసాలా పైన అట్టు కట్టక ముందే అద్దితే కడిగేసినట్టు అవుతుంది. ఆ తర్వాత 45 నిమిషాలకోసారి చాలు. తీసిన ప్రతిసారీ వేడి పోతుంది.

ఒకటి మాత్రం పట్టుగా చెబుతాను. పచ్చి మాంసానికి తగిలిన మాప్‌ను మళ్లీ మొత్తం సాస్‌లో ముంచకండి. చిన్న గిన్నెలోకి కొంచెం కొంచెం వంచుకోండి. వేడిగా ఉంచే గిన్నె 140 ఫారెన్‌హీట్ కంటే కిందకి దిగకూడదు. గోరువెచ్చగా అయిదు గంటలు ఉంచితే అందులో పెరిగేది కంటికి కనపడదు. పోయిన ఏడాది మా స్నేహితుడి ఇంట్లో ఇలాగే నలుగురికి కడుపు చెడింది.

పొగపొయ్యి_ఐర్వింగ్:

ముగ్గురికీ చాలా థాంక్స్. సార్, ఒక అనుమానం. ఆవకాయలో అంత ఆవపిండి ఉంటుంది కదా, మరి మూడో రోజు తిరగ కలిపేసరికి నూనె పైకి ఎందుకొస్తుంది?

సాస్‌ల్యాబ్_హైదరాబాద్:

మంచి ప్రశ్న అండీ. ఆవకాయ కలిపేది చేత్తో, మిక్సీతో కాదు కాబట్టి బొట్లు సన్నగా విరగవు. నీళ్లు చాలా తక్కువ, మామిడి ముక్క ఊరి వదిలేదే. నూనె మాత్రం ముక్కలు మునిగేంత. ఆ పాళ్లకి ఆవపిండి ఎంతని పట్టుకుంటుంది? పైగా అక్కడ నూనె తేలడమే మనకు కావాలి, గాలి తగలకుండా పచ్చడిని కాపాడేది ఆ పొరే. మీ మాప్‌లో ఆవపిండి వేయాలనుకుంటే తక్కువ వేయండి, తడి తగిలితే ఘాటు పెరిగి చేదు కూడా వస్తుంది. సీసా మస్టర్డ్‌కి ఆ భయం లేదు.

పొగపొయ్యి_ఐర్వింగ్:

రెండు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను, చదివేవాళ్లకి పనికొస్తుందని.

ముందు శుక్రవారం రాత్రి వంటింటి గట్టు మీద మూడు గాజు సీసాలు పెట్టాను. ఒకటి నా పాత కొలత, రెండోది మస్టర్డ్ కలిపింది, మూడోది మస్టర్డ్, జాంతన్ రెండూ కలిపింది. పాతది పదకొండు నిమిషాలకి విడిపోయింది. రెండోది ముప్పావు గంట దాకా బాగానే ఉంది, తర్వాత మెడ దగ్గర గోరంత ఎర్ర గీత కనిపించింది. మూడోది పొద్దున లేచి చూసినా అలాగే ఉంది. సీసా వంచితే లోపల కారం రేణువులు కూడా ఎక్కడివక్కడే వేలాడుతున్నాయి. మా ఆవిడని పిలిచి చూపించాను.

శనివారం రెండు తొడలు పెట్టాను. ఉప్పు శుక్రవారం రాత్రే రుద్దేశాను. నూనె పావు కప్పుకి తగ్గించాను, ఆ తగ్గించిన అర కప్పుకీ నీళ్ల కప్పుకీ బదులు కప్పున్నర ఎముకల రసం పోశాను. పోస్ట్‌ఓక్ తమ్ముడు అన్నట్టే దాని వాసనే వేరు. సాస్ గిన్నెను నిప్పుల పెట్టె మీద పెట్టాను, అక్కడ పది నిమిషాలకే ఉడుకు పట్టింది. తీసి డ్రమ్ము మూత మీద, చిమ్నీ వైపు చివర పెట్టాను. అక్కడ థర్మామీటర్ 150 దగ్గర నిలబడింది. మూడున్నర గంటల్లో ఒక్కసారి కూడా గిలక్కొట్టలేదు. మాప్ ముంచి తీస్తే నూలు పోగులన్నీ ఒకే నారింజ రంగులో తడిసి వచ్చాయి. ఆ కుచ్చును చూసి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

అయిదుంపావు గంటలకి లోపల 198 ఫారెన్‌హీట్ వచ్చింది. రెండు తొడల నుంచీ ఒక్కో ముక్క కోసి అత్తగారి ముందు పెట్టాను. రెండూ తిని, "ఏది ఏ తొడదో చెప్పలేను" అన్నారు.

ఒక లోటు కనిపించింది. జాంతన్ 2 గ్రాములు వేస్తే పైపొర గరుకుగా కాకుండా కొంచెం మెత్తగా వచ్చింది. వచ్చేసారి ఒకటిన్నర వేసి చూస్తాను.

అక్కా, వచ్చే శనివారం మీ కొలతతో కోడి చేద్దామనుకుంటున్నాను. సగం కోళ్లు 6 అయితే ఒక్క గుడ్డు సాస్ సరిపోతుందా?

రాచెస్టర్_అక్క:

ధారాళంగా సరిపోతుంది తమ్ముడూ. సగం సాస్‌లో కోళ్లను ముందు రోజు ఫ్రిజ్‌లో నానబెట్టు, అది ఆ తర్వాత పారబోసెయ్. మిగతా సగం వేరే సీసాలో మూతపెట్టి ఐసు మీద ఉంచి, అద్దడానికి అదే వాడు. ఎముక వైపు నిప్పుకి ఉంచి మొదలుపెట్టు, అయిదు నుంచి పది నిమిషాలకోసారి తిప్పు. తిప్పినప్పుడల్లా అద్దు. తొడ లావుగా ఉన్నచోట 165 దాటిందో లేదో చూసి దించు.